మా పెరటి కలుపు మొక్క – ఓ నాలుగొందల ఏళ్ళ కథ

పోయిన ఏడాది జూలై చివర్లో మా ఇంటికి ఓ ఉత్తరం వచ్చింది. పంపింది మా సబ్‌డివిజన్ ఇళ్ళ సంఘం (అమెరికాలో ఉన్నవాళ్ళకి హెచ్ఓఏ అంటే చాలు, మిగతా కథ అర్థమైపోతుంది). సారాంశం ఇదీ: మీ ఇంటి పక్కన కలుపు నడుం ఎత్తు పెరిగింది, 14 రోజుల్లో కోయించండి, లేకపోతే మేమే కోయించి ఆ ఖర్చూ, జరిమానా మీ ఖాతాలో వేస్తాం. సాక్ష్యానికి ఓ ఫోటో కూడా జత చేశారు. ఫోటో బాగానే వచ్చింది.

చిక్కేమిటంటే ఆ కలుపు నేను డబ్బు పెట్టి కొన్నది. మూడేళ్ళ క్రితం ఓ దేశవాళీ మొక్కల అమ్మకంలో కొని, నడుం విరిగేలా గడ్డి పెళ్ళగించి నాటింది. న్యూ ఇంగ్లండ్ ఆస్టర్, దాని పక్కన గోల్డెన్‌రాడ్. ఒకటి ఊదా రంగు, ఒకటి పసుపు. రెండూ ఏటేటా వేరు నుంచి మళ్ళీ మొలిచేవి. రెండూ సెప్టెంబర్ దాకా పువ్వన్నది చూపించవు. జూలైలో చూస్తే ఎవరికైనా కలుపు లాగే కనిపిస్తాయి, అది మాత్రం ఒప్పుకోవాలి.

అప్పటికి మా అమ్మ ఇక్కడే ఉంది. మే నెలలో కరీంనగర్ నుంచి వచ్చింది, అక్టోబర్ రెండో వారంలో తిరుగు ప్రయాణం. ఉత్తరంలో ఏముందో చెప్తే ఒక్క మాట అంది: "వాళ్ళన్నదాంట్ల తప్పేమున్నదిరా? గడ్డిని పైసలు పెట్టి కొంటరా ఎవలన్న?"

సరే, ఇంట్లోనే మద్దతు లేదు. ఆ రాత్రి కూర్చుని, ఇంతకీ ఈ మొక్కని కలుపు అన్నది ఎవరు, ఎప్పటి నుంచి అంటున్నారు అని చదవడం మొదలుపెట్టాను. బగ్ ఎక్కడుందో వెతకాలంటే ఆ లైను మొదట ఎవరు రాశారో చూడాలి కదా, అలాగన్నమాట. రెండు వారాలు పట్టింది. తేలిందేమిటంటే, ఈ మొక్క కథలో మొక్క చేసింది చాలా తక్కువ, మనుషులు చేసిందే ఎక్కువ.

మొదట పేరు సంగతి. ఆస్టర్ అంటే గ్రీకులో నక్షత్రం. మన పూల బజార్లలో ఆస్టర్ అని అమ్మేది చైనా ఆస్టర్, అది ఒక్క ఏడాది బతికే మొక్క. చామంతి కుటుంబమే, చుట్టమే, కానీ ఇది కాదు. ఇది ఉత్తర అమెరికా తూర్పు తీరం నుంచి మధ్య మైదానాల దాకా వాగుల పక్కనా, తడి గడ్డిభూముల్లోనూ దానంతట అది పెరిగేది. అట్లాంటిక్ దాటి వెళ్ళిన నమూనాలు చూసి స్వీడన్‌లో కూర్చున్న లినేయస్ 1753లో ఆస్టర్ నోవే-ఆంగ్లియే అని పేరు పెట్టాడు, అంటే న్యూ ఇంగ్లండ్‌ది అని. ఇల్లినాయ్‌లో, విస్కాన్సిన్‌లో అంతకు ఎన్నో వేల ఏళ్ళ ముందు నుంచీ ఉన్న మొక్కకి అలా తెల్లవాళ్ళు ముందు దిగిన చోటు పేరు తగులుకుంది. 1990లలో అమెరికా ఆస్టర్లది వేరే శాఖ అని తేల్చి సింఫియోట్రైకమ్ అని ఇంకో ఇంటిపేరు ఇచ్చారు. పాత పేరే నయం. నోరు తిరుగుతుంది.

ఇది ఇంగ్లండ్ ఎలా చేరింది? 1637లో జాన్ ట్రాడెస్కంట్ అనే తోటమాలి (తండ్రి పేరూ అదే, ఇతను కొడుకు) వర్జీనియా వెళ్ళి మొక్కలూ విత్తనాలూ లండన్ దగ్గర లాంబెత్‌లోని తమ తోటకి పట్టుకెళ్ళాడు. అమెరికా ఆస్టర్లలో ఒకదానికి ఆ కుటుంబం పేరు ఇప్పటికీ ఉంది. వందేళ్ళ తర్వాత అది వ్యాపారం అయింది. ఫిలడెల్ఫియా పక్కన జాన్ బార్‌ట్రమ్ అనే రైతు, లండన్‌లో పీటర్ కాలిన్సన్ అనే బట్టల వ్యాపారి. ఇద్దరూ క్వేకర్లే. బార్‌ట్రమ్ అడవులు తిరిగి విత్తనాలు ఏరేవాడు, ఓ పెట్టెలో దాదాపు 100 రకాలు సర్ది ఓడెక్కించేవాడు. కాలిన్సన్ ఆ పెట్టెల్ని జమీందార్లకి అమ్మిపెట్టేవాడు, పెట్టె 5 గినీలు. ఇంగ్లండ్ దొరల తోటల్లో ఉన్న అమెరికా చెట్లలో చాలా భాగం ఆ పెట్టెల్లోంచి మొలిచినవే. 1765లో బార్‌ట్రమ్‌ని రాజుగారి వృక్షశాస్త్రజ్ఞుడిగా కూడా నియమించారు.

అక్కడ ఆస్టర్లకి ఓ ముద్దు పేరు వచ్చింది, మైకేల్మస్ డైసీ అని. సెప్టెంబర్ 29న వచ్చే సెయింట్ మైకేల్ పండగ పేరు మీద. దీని వెనక ఓ తమాషా ఉంది. యూనిక్స్ మీద పనిచేసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, క్యాల్ కమాండ్‌కి 1752 సెప్టెంబర్ ఇస్తే 2వ తేదీ తర్వాత నేరుగా 14 వస్తుంది. మొదటిసారి చూసి బగ్ అనుకున్నాను. బగ్ కాదు, ఇంగ్లండ్ ఆ ఏడాది పాత క్యాలెండర్ వదిలి గ్రెగరీ క్యాలెండర్‌కి మారింది, 11 రోజులు ఎగిరిపోయాయి. దాంతో మైకేల్ పండగ రుతువు లెక్కలో 11 రోజులు ముందుకి జరిగింది. ఆ కొత్త తేదీకి తోటల్లో నిండుగా పూసి ఉన్నవి ఈ అమెరికా ఆస్టర్లే. అందుకే ఆ పేరు నిలిచిపోయిందని తోటల చరిత్ర రాసేవాళ్ళు చెబుతారు.

అయినా చాలా కాలం వీటిని పెద్దగా లెక్కచేయలేదు. 1870లో విలియం రాబిన్సన్ "ది వైల్డ్ గార్డెన్" అని ఓ పుస్తకం రాసి, కత్తిరించిన పూల మళ్ళ పిచ్చి వదలండి, గట్టి మొక్కల్ని వాటి మానాన పెరగనివ్వండి అని పోరు పెట్టాడు. ఆస్టర్లూ గోల్డెన్‌రాడ్లూ అతనికి ఇష్టమైన ఉదాహరణలు. ఆ తర్వాత హెర్‌ఫర్డ్‌షైర్‌లో కాల్‌వాల్ అనే ఊళ్ళో వెనిగర్ ఫ్యాక్టరీ నడిపే ఎర్నెస్ట్ బలార్డ్ అనే ఆయన దీని చుట్టం న్యూయార్క్ ఆస్టర్ మీద పడి ముద్ద పూల రకాలు పుట్టించాడు. 1907లో ఆయన "బ్యూటీ ఆఫ్ కాల్‌వాల్"కి రాయల్ హార్టికల్చరల్ సొసైటీ పెద్ద బహుమతే ఇచ్చింది. అక్కడి నుంచి ఆస్టర్ల మోజు. ఈ రోజుకీ కాల్‌వాల్‌లో ఆ తోట ఉంది, వందల రకాలు పెంచుతున్నారు.

అంటే ఏమిటన్నమాట? ఇంగ్లండ్‌లో దొరల తోటలో బహుమతి పువ్వు. పుట్టిన ఊళ్ళో మాత్రం 14 రోజుల్లో కోయించాల్సిన కలుపు. ఇక్కడివాళ్ళు దీన్ని తోట మొక్కగా కొనడం మొదలుపెట్టింది కూడా చాలావరకు యూరప్‌లో తయారై తిరిగొచ్చిన రకాల్ని చూసే. విదేశం వెళ్ళొస్తే గానీ విలువ లేకపోవడం మన సంబంధాల బజార్లోనే అనుకున్నాను, మొక్కలకీ ఉందన్నమాట :-)

ఇక పుట్టిన ఊరి సంగతి. మేముండేది చికాగో పక్కన. ఇల్లినాయ్‌కి ప్రెయిరీ స్టేట్ అని ఇంకో పేరు. మా సబ్‌డివిజన్ పేరులో కూడా ప్రెయిరీ అనే మాట ఉంది, గేటు దగ్గర రాతి మీద చెక్కించారు. ఒకప్పుడు ఈ రాష్ట్రంలో 2 కోట్ల 20 లక్షల ఎకరాలు ఆ గడ్డిమైదానమే. మనిషెత్తు గడ్డి, మధ్యలో వందల రకాల పూలు, ఆఖర్న ఆస్టర్లూ గోల్డెన్‌రాడ్లూ. అది వట్టి ప్రకృతి పని కూడా కాదు. పొటవాటమీ లాంటి ఇక్కడి జాతులు ఎప్పటికప్పుడు నిప్పు పెట్టి చెట్లు కమ్ముకోకుండా కాపాడిన మైదానం అది. 1833 చికాగో ఒప్పందంతో ఆ జనం చేత మిగిలిన భూమి కూడా రాయించుకుని మిసిసిపీ నదికి అవతలకి పంపేశారు.

నాలుగేళ్ళకి, 1837లో, ఇదే రాష్ట్రంలో గ్రాండ్ డీటూర్ అనే ఊళ్ళో జాన్ డీర్ అనే కమ్మరి విరిగిన రంపపు ఉక్కుతో ఓ నాగలి చేశాడు. అప్పటిదాకా పోత ఇనుము నాగళ్ళకి ఈ నల్లమట్టి అంటుకుపోయేది. తడిసిన రేగడిలో నాగలి పట్టినవాళ్ళకి ఆ బాధ చెప్పక్కర్లేదు, నాలుగడుగులకోసారి ఆగి మన్ను గీకాలి. నున్నటి ఉక్కుకి ఆ మట్టి అంటదు. అంతే, ఒక మనిషి ఆయుష్షులో ప్రెయిరీ మొక్కజొన్న చేను అయిపోయింది. ఆ 2 కోట్ల 20 లక్షల ఎకరాల్లో చెడిపోకుండా మిగిలింది ఇప్పుడు రెండు మూడు వేల ఎకరాల లోపే. అది కూడా ఎక్కడ? రైలు పట్టాల పక్కన, పాత సమాధుల దొడ్లలో. నాగలి పోనివ్వని చోట్ల.

ఆ సమాధుల దొడ్లు వెతుక్కుంటూ తిరిగిన మనిషి రాబర్ట్ బెట్జ్ అనే చికాగో ప్రొఫెసర్. మా ఇంటికి అరగంట దూరంలో బటేవియాలో ఫెర్మీల్యాబ్ ఉంది, అణువుల్ని ఢీకొట్టించే చోటు. 1970లలో బెట్జ్ అక్కడి డైరెక్టర్ రాబర్ట్ విల్సన్ దగ్గరికి వెళ్ళి, మీ యాక్సిలరేటర్ రింగ్ మధ్యలో ఖాళీగా ఉన్న నేలలో ప్రెయిరీ మళ్ళీ వేద్దాం, ముప్ఫై నలభై ఏళ్ళు పట్టొచ్చు అన్నాడట. అయితే ఈ మధ్యాహ్నమే మొదలుపెట్టాలి మరి అని విల్సన్ జవాబు. 1975లో మొదటి విత్తనాలు పడ్డాయి. ఇప్పుడు అక్కడ దాదాపు వెయ్యి ఎకరాలు. సెప్టెంబర్‌లో వెళ్ళి చూడండి, మా పెరటి కలుపు అక్కడ సెంట్రల్ గవర్నమెంట్ ఖర్చుతో పెరుగుతోంది.

మరి ఇళ్ళ చుట్టూ గడ్డి ఎక్కణ్ణించి వచ్చింది? అదీ ఇంగ్లండ్ దొరల సరుకే. గొర్రెలూ కొడవళ్ళూ లేకుండా గడ్డి సమంగా కోసే యంత్రానికి 1830లో ఎడ్విన్ బడింగ్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. 1869 ప్రాంతంలో ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ ఈ చికాగో పక్కనే రివర్‌సైడ్ అనే ఊరు గీసి, ప్రతి ఇల్లూ రోడ్డుకి 30 అడుగులు వెనక్కి ఉండాలని పెట్టాడు. ఆ 30 అడుగుల్లో గడ్డి. 1947లో న్యూయార్క్ పక్కన లెవిట్‌టౌన్‌లో వేల ఇళ్ళు వరసగా కట్టినప్పుడు వారానికోసారి గడ్డి కోయాలనేది ఒప్పంద పత్రంలోకే ఎక్కింది. ఆ ఊరి తొలి ఒప్పందాల్లో ఇంకో షరతు కూడా ఉండేది, కాకేసియన్ జాతివాళ్ళు తప్ప ఇంకెవరూ కాపురం ఉండకూడదని. ఆ షరతు పోయింది కాబట్టి నాలాంటి వాడు ఈ దేశంలో సబ్‌డివిజన్‌లో ఇల్లు కొన్నాడు. గడ్డి షరతు మాత్రం చెక్కు చెదరలేదు.

ఇంకో ముక్క. రెండో ప్రపంచ యుద్ధం అయిపోగానే 2,4-డి అనే మందు బజార్లోకి వచ్చింది. గడ్డిని వదిలేసి వెడల్పాటి ఆకులున్న మొక్కల్ని మాత్రం చంపుతుంది. అంతకు ముందు లాన్ విత్తనాల్లో క్లోవర్ కావాలనే కలిపేవాళ్ళు. మందు క్లోవర్ని కూడా చంపేది కాబట్టి క్లోవర్ కలుపు మొక్క అని తేల్చేశారు. ఇది చదివి నాకు ఆఫీసు గుర్తొచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో ఏదన్నా చేయలేకపోతే ఆ అవసరమే తప్పని డాక్యుమెంటులో రాసేస్తాం చూడండి, అచ్చం అదే.

2005లో ఉపగ్రహ చిత్రాలు పెట్టి అమెరికాలో లాన్లన్నీ కలిపి ఎంతుంటాయో అంచనా కట్టారు. సుమారు 1,63,000 చదరపు కిలోమీటర్లు. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం మొత్తం వైశాల్యం ఇంచుమించు అంతే. శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా ఊళ్ళూ కొండలూ పొలాలూ ఏమీ లేకుండా ఒకటే పచ్చిక, దాన్ని వారం వారం కోస్తూ, నీళ్ళు పెడుతూ, మందు కొడుతూ ఉన్నారని ఊహించుకోండి. పోనీ ఆ గడ్డిని ఓ బర్రె అయినా మేస్తుందా అంటే అదీ లేదు.

ఈ పద్ధతికి ఎదురు తిరిగినవాళ్ళూ లేకపోలేదు. మిల్వాకీ పక్కన బేసైడ్ అనే ఊళ్ళో లారీ ఆటో అనే ఆవిడ గడ్డి తీసేసి ఆస్టర్లూ ఫెర్న్‌లూ పెంచింది. ఓ రోజు ఊరి తాలూకు మనుషులు వచ్చి కలుపని కోసి పారేశారు. ఆవిడ వదల్లేదు, అవి ఏ మొక్కలో అధికారులకి పాఠం చెప్పి, నష్టపరిహారం కట్టించింది. తర్వాత విస్కాన్సిన్‌లో డీడీటీ మీద పోరాటంలో ముందు వరసలో నిలిచింది కూడా ఆవిడే. మేరీల్యాండ్‌లో ఇలాగే ఓ జంట మీద హెచ్ఓఏ కేసు నడిచి, చివరికి 2021లో రాష్ట్రమే చట్టం చేసింది, ఇలాంటి తోటలు వద్దని గడ్డే పెంచమని ఇళ్ళ సంఘాలు బలవంతం చేయడానికి లేదని.

ఇక్కడ ఓ అనుమానం కూడా చెప్పాలి. దేశవాళీ, స్థానిక, బయటి నుంచి వచ్చిన – ఈ మాటలు వాడుతుంటే నాకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. హెచ్-1బి మీద వచ్చి పదిహేనేళ్ళు గ్రీన్ కార్డు లైన్లో నిలబడ్డవాణ్ణి, ఇక్కడివి ఉండాలి బయటివి పోవాలి అని ఏ మొహంతో అంటాను? చరిత్రలో ఆ మాట మంచి చోట్లకీ తీసుకెళ్ళలేదు. 1942లో జర్మనీలో శాక్సనీ వృక్షశాస్త్రజ్ఞులు కొందరు ఆసియా నుంచి వచ్చిన ఓ చిన్న కాశీతుమ్మ జాతి మొక్కని నిర్మూలించాలని పిలుపునిచ్చి, దాన్ని బోల్షెవిజం మీద యుద్ధంతో పోల్చారు. మొక్కల గురించి మొదలైన మాట ఎటు పోతుందో చెప్పలేం.

కానీ ఆలోచిస్తే తేడా ఉంది. స్థానికం అనేది మంచితనానికి సర్టిఫికెట్ కాదు, ఒక చోటితో ఉన్న సంబంధం. ఇదే కెనడా గోల్డెన్‌రాడ్ని 1930లలో అందం కోసం షాంఘై తీసుకెళ్తే ఇప్పుడు చైనా పొలాల్ని కమ్మేస్తోంది. మనకీ తెలుసు ఆ సంగతి. మన పొలాల గట్ల మీద వయ్యారిభామ ఉంది కదా, అదీ ఈ ఆస్టర్ కుటుంబమే, అదీ అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. 1950లలో పుణె దగ్గర కనబడి దేశమంతా పాకింది. ముట్టుకుంటే దురద, పశువులు తినవు. దాన్ని అదుపులో పెట్టే పురుగులు దాని పుట్టింట్లో ఉండిపోయాయి. మొక్క ఒక్కటే వలస వెళ్ళింది, దాన్ని తినేవాళ్ళు వెళ్ళలేదు. మనుషులకి ఈ లెక్క వర్తించదు, మేం ఏ ఊరెళ్ళినా మమ్మల్ని తినేవాళ్ళు అక్కడే దొరుకుతారు.

డెలవేర్ యూనివర్సిటీలో పురుగుల మీద పనిచేసే డగ్లస్ టాలమీ 2007లో ఓ పుస్తకంలో లెక్క ఇచ్చాడు. తన ప్రాంతంలో గోల్డెన్‌రాడ్‌లు 115 రకాల గొంగళిపురుగులకి, ఆస్టర్లు 112 రకాలకి తిండి. ఆ పురుగులే పిట్టపిల్లలకి తిండి. పైగా ఇవి పూసేదెప్పుడు? సెప్టెంబర్, అక్టోబర్లలో. అన్నీ వాడిపోయాక. మెక్సికో కొండలకి బయల్దేరిన మొనార్క్ సీతాకోకచిలుకలకి దారిలో ఆఖరి పూటకూళ్ళ ఇల్లు ఇదే. లాన్‌లో వాటికి ఏమీ దొరకదు.

ఆగస్టులో సంఘం మీటింగుకి వెళ్ళాను. చేతిలో ప్రింటవుట్లు, మనసులో లినేయస్, నోట్లో తడి లేదు. నేననుకున్న చరిత్ర ఉపన్యాసం అక్కడ ఎవరికీ అక్కర్లేకపోయింది. ఒకాయన లేచి, గోల్డెన్‌రాడ్ వల్ల మా అమ్మాయికి తుమ్ములు అన్నాడు. ఇది చాలామంది నమ్మే మాట. తుమ్ములు తెప్పించేది రాగ్‌వీడ్ అనే ఇంకో మొక్క. దాని పువ్వు ఆకుపచ్చగా కంటికి ఆనదు, పుప్పొడి గాలిలో మైళ్ళు పోతుంది. గోల్డెన్‌రాడ్ పుప్పొడి బరువుగా జిగటగా ఉంటుంది, తేనెటీగ మోస్తే తప్ప కదలదు. రెండూ ఒకే వారాల్లో పూస్తాయి, కనబడేది మాత్రం పసుపుది, అందుకని నేరం దాని మీద పడింది. (పాపం, ఎడిసన్ అంతటివాడు చివరి రోజుల్లో, 1931లో పోయేదాకా, ఈ గోల్డెన్‌రాడ్ ఆకుల నుంచి రబ్బరు తీయాలని కష్టపడ్డాడు. వేల మొక్కలు పరీక్షించి దీన్నే ఎంచుకున్నాడు.) ఆయన ఫోన్లో రాగ్‌వీడ్ బొమ్మ చూసి, ఇది మా కంచె పక్కనే ఉందే అన్నాడు.

చివరికి కుదిరింది రాజీ. మడి చుట్టూ రెండడుగుల గడ్డి నీటుగా కోసి ఉంచాలి, మొక్కలు రోడ్డు మీదకి వాలకూడదు, ఓ చిన్న బోర్డు పెట్టాలి, అక్టోబర్ ఆఖరుకి మళ్ళీ చూస్తారు. నేను గెలవలేదు, వాయిదా దొరికింది. ఆలస్యంగా పూసే మొక్కకి కావలసింది కూడా అదే అనుకోండి.

పెంచాలనుకునేవాళ్ళకి నా అనుభవం నాలుగు ముక్కల్లో. ఎండ కనీసం ఆరు గంటలు, నేల కాస్త తడిగా. విత్తనాలైతే నవంబర్‌లో చల్లి మట్టిలోకి అద్ది వదిలేయండి, చలికాలం దాటితేనే మొలుస్తాయి. తొందరుంటే తడి ఇసుకలో కలిపి రెండు నెలలు ఫ్రిజ్‌లో పెట్టొచ్చు (ఆవకాయ పక్కన పెడితే మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయను). మొదటి ఏడాది పూల మీద ఆశ పెట్టుకోకండి. మొక్క నాలుగైదు అడుగులు పెరిగి పడిపోతుంది కాబట్టి జూన్‌లో కొసలు తుంచాలి, జూలై మొదటి వారం దాటాక ముట్టుకోకూడదు, అప్పటి నుంచి మొగ్గ కట్టే పనిలో ఉంటుంది. కింది ఆకులు ఎలాగూ ఎండుతాయి, ముందు పొట్టి మొక్కలు వేస్తే కనబడవు. ఒత్తుగా ఉంటే బూడిద తెగులు వస్తుంది, రెండు మూడడుగుల ఎడం ఉంచండి. మూడేళ్ళకోసారి వసంతంలో దుబ్బు చీల్చి పంచిపెట్టండి. ఎండిన కాడలు చలికాలమంతా ఉంచేయండి, వాటిలో చిన్న తేనెటీగలు ఉంటాయి. గోల్డెన్‌రాడ్‌లో కెనడా రకం మాత్రం ఇంటి మళ్ళో వద్దు, వేరుతో పాకి అన్నిటినీ తొక్కేస్తుంది. స్టిఫ్ గోల్డెన్‌రాడ్, షోయీ గోల్డెన్‌రాడ్ బుద్ధిగా ఉంటాయి. ఈ సంగతి నేను రెండో ఏడు నేర్చుకున్నాను, కెనడాది పీకడానికి మూడు శనివారాలు పట్టింది.

సెప్టెంబర్ రెండో వారంలో గోల్డెన్‌రాడ్ విచ్చింది. తర్వాత ఓ పొద్దున్నే లేచి చూస్తే ఆస్టర్లు. ఊదా రేకులు, మధ్యలో పసుపు బొడ్డు, కొమ్మకి గుత్తులు గుత్తులు. వాటి మీద తేనెటీగల మోత ఇంట్లోకి వినబడుతోంది. అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడింది.

"ఇదేందిరా, తంగేడు లెక్కనే ఉన్నది," అంది గోల్డెన్‌రాడ్ చూసి.

నాకు అప్పటిదాకా తట్టలేదు. ఇక్కడ ప్రతి ఏడూ బతుకమ్మకి కొట్లో కుండీ చామంతులు కొంటున్నాం. తంగేడు లేని బతుకమ్మ బతుకమ్మే కాదని అమ్మ సణుగుతూనే ఉంది. ఆ ఏడు సద్దుల బతుకమ్మ నాడు తాంబాళంలో గోల్డెన్‌రాడ్ ఒక వరస, ఆస్టర్ ఒక వరస పేర్చింది. ఎండు గడ్డి వెన్నులు కోసి, ఇది గునుగు అనుకో అంది.

అసలు గునుగు అంటే ఏమిటి? జొన్న చేలో మొలిచే కలుపు. తంగేడు బీడులో ఎవరూ నాటకుండా పెరిగేది. ఏడాది పొడుగునా రైతు పీకి పారేసే మొక్కని, పూసిన ఆ తొమ్మిది రోజులు తెచ్చి గౌరమ్మని నిలబెట్టి చుట్టూ ఆడతారు. రెండు వారాలు లినేయస్సు నుంచి లెవిట్‌టౌన్ దాకా చదివి నేను వెతికిన సమాధానం అమ్మకి పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆమెని ఎవరూ అడగలేదు, నాతో సహా.

సాయంత్రం సబ్‌డివిజన్ వెనక నీటి కుంట దగ్గర బతుకమ్మ ఆడారు. తుమ్ముల అమ్మాయి తండ్రి కూడా కుటుంబంతో వచ్చి చూశాడు. ఈ పూలు ఎక్కడ కొన్నారని అడిగాడు. మీరు కోయించమన్నవేనని చెప్పాను.

అక్టోబర్‌లో అమ్మ వెళ్ళిపోయింది. నెలాఖరున సంఘం వాళ్ళు వచ్చి చూసేటప్పటికి పూలు అయిపోయి కాడలు ఎండి ఉన్నాయి. ఇంకో ఏడాది గడువిచ్చారు. ఇప్పుడు మళ్ళీ జూన్. మొక్క మోకాలెత్తు వచ్చింది, కొసలు తుంచాలి. ఇవాళ పొద్దున ఫోన్లో అమ్మ అడిగింది, "గడ్డి మొలిచిందారా?" అని.

మొలిచిందమ్మా అన్నాను.